ఆర్ట్ క్లాసులో డిజిటల్ పోర్ట్‌ఫోలియో: గ్రేడ్ ఏ ఫొటో చూసి వేయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సీబీఎస్‌ఈ బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఆర్ట్ చెబుతున్నారు. ఈ ఏడాది నుంచి డ్రాయింగ్ ఫైళ్లు వద్దు, ప్రతి విద్యార్థికీ డిజిటల్ పోర్ట్‌ఫోలియో ఉండాలి, దాన్ని చూసే గ్రేడ్ వేయాలి అని మేనేజ్‌మెంట్ చెప్పింది. ఏ యాప్ వాడాలి, దేన్నిబట్టి గ్రేడ్ వేయాలి, ఇంట్లో అమ్మానాన్నలు దిద్దిపెట్టిన బొమ్మల్ని ఏం చేయాలి అని అడిగారు. జిల్లా పరిషత్ బడుల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆర్ట్ టీచర్లకి శిక్షణ తరగతులు చెబుతున్నాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

యాప్ సంగతి చివర్లో చెబుతాను. అందరూ అక్కడే మొదలుపెడతారు, నిజానికి అది అన్నిటికన్నా చిన్న విషయం.

పోర్ట్‌ఫోలియో అనగానే మన బళ్లలో జరిగేదేమిటంటే, ఏడాదంతా గీసినవాటిలో బాగున్నవి నాలుగు ఏరి, ఫొటోలు తీసి, చుట్టూ పూల బోర్డర్ పెట్టి, పీడీఎఫ్ చేసి పేరెంట్స్ మీటింగ్‌లో చూపిస్తారు. అది పెళ్లి ఆల్బమ్ లాంటిది. అందరూ బాగానే కనిపిస్తారు, ఎవరి సంగతీ తెలియదు. జూన్‌లో బాగా గీసే పిల్ల మార్చిలోనూ బాగానే గీస్తుంది. ఈ మధ్యలో మీ క్లాసు ఆ పిల్లకి ఏం నేర్పిందో ఆ పీడీఎఫ్‌లో ఎక్కడా ఉండదు. నా మాట ఒక్కటే: గ్రేడ్ తేలాల్సింది బొమ్మ సగంలో ఉన్నప్పటి ఫొటోలో, దాని గురించి పిల్లలు చెప్పిన మాటలో. చివరి బొమ్మ వాటి పక్కన పెట్టుకుని చూసుకోవడానికి పనికొస్తుంది.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 1986 నుంచి 1991 దాకా అమెరికాలో హార్వర్డ్‌లోని ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందం, పరీక్షలు తయారుచేసే ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ సంస్థ, పిట్స్‌బర్గ్ ప్రభుత్వ బడులు కలిసి ఆర్ట్స్ ప్రొపెల్ అని ఒక ప్రయత్నం చేశాయి. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. సంగీతం, చిత్రకళ, కాల్పనిక రచన తీసుకున్నారు. చిత్తుప్రతులు, సగంలో వదిలేసినవి, ఎవరో ఏదో అన్నాక మార్చినవి, వాటి గురించి పిల్లలు రాసుకున్న మాటలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో దాచేవాళ్లు. చేయడం, చూడటం, చేసినదాని గురించి ఆలోచించడం, ఈ మూడూ అందులో కనబడాలి. అప్పట్లో అంతా కాగితమే. మరి ఫోన్ కెమెరా వచ్చి ఏం మార్చింది? కాగితం మీద మధ్య దశ నిలవదు. రబ్బరుతో చెరిపేస్తారు, దాని మీదే రంగు వేసేస్తారు. ఫొటోలో అయితే నిలుస్తుంది. పిల్లల గొంతు కూడా నిలుస్తుంది. డిజిటల్ వల్ల మనకి నిజంగా ఒరిగేది ఈ రెండే. పేజీ తిరిగే యానిమేషన్లు, వెనకాల ఫ్లూటు సంగీతం మేనేజ్‌మెంట్‌కి నచ్చితే పెట్టుకోండి, గ్రేడ్‌తో వాటికి పని లేదు.

ఏడో తరగతికి నేను టీచర్లచేత చేయించే పని ఒకటి చెబుతాను. పిల్లలు తమ చెప్పో బూటో ఒకటి విప్పి ఎదురుగా పెట్టుకుని, ఒక పీరియడ్‌లో చూసి గీయాలి. మూడు ఫొటోలు తీయాలి: పది నిమిషాలకి ఒకటి, సగంలో ఒకటి, గంట కొట్టే ముందు ఒకటి. తర్వాత అర నిమిషం వాయిస్ నోట్. అడిగేది ఒక్కటే: ‘ఎక్కడ మార్చావు, ఎందుకు మార్చావు?’

ఒక పిల్లాడి మొదటి ఫొటోలో చెప్పు అట్ట పైనుంచి చూసినట్టు ఉంది, పట్టీ మాత్రం పక్కనుంచి చూసినట్టు ఉంది. అంటే వాడు ఎదురుగా ఉన్నదాన్ని చూడలేదు, తనకి తెలిసిన చెప్పుని గీశాడు. రెండో ఫొటోలో మడమ దగ్గర చెరిపిన మచ్చ ఉంది, అట్ట మందం చూపించే గీత కొత్తగా వచ్చింది, పెన్సిల్ చాచి కొలుచుకున్న చిన్న చిన్న గుర్తులు మార్జిన్‌లో ఉన్నాయి. మూడో ఫొటోలో నీడ వేయబోయి మొత్తం నల్లగా రుద్దేశాడు. పట్టీ, దాని నీడ, అట్ట అన్నీ కలిసిపోయాయి. వాయిస్ నోట్‌లో వాడన్నది: ‘పట్టీ కింద ఖాళీ ఉంది కద్సార్, అది చూపిద్దామని నల్లగా చేశా, ఎక్కువైపోయింది.’ చివరి బొమ్మ ఒక్కటే మీ ముందుకొస్తే సి వేసి పక్కన పెట్టేస్తారు. మూడూ చూసి ఆ మాట కూడా విన్నారంటే, ఆ పీరియడ్‌లో ఎక్కువ నేర్చుకున్నది వాడేనని ఒప్పుకుంటారు. కొలవడం మొదలుపెట్టాడు. పట్టీ కింద గాలి ఉందని చూశాడు. ఎక్కడ చెడిందో వాడికే తెలుసు. వచ్చే వారం వాడికి నేర్పాల్సింది కూడా తేలిపోయింది: నీడలో నలుపు ఎన్ని మెట్లుగా వేయాలో.

అదే క్లాసులో ఇంకో అమ్మాయి బొమ్మ ఫ్రేము కట్టించి గోడకి పెట్టొచ్చు అన్నట్టుంది. కానీ మూడు ఫొటోల్లోనూ గీత ఒక్కటే. మొదటి పది నిమిషాల్లోనే గీత అంతా అయిపోయింది, మిగతా సమయమంతా నింపడమే. వాయిస్ నోట్‌లో ‘నీట్‌గా వేశాను సార్’ అంది. ఆ అమ్మాయి చేయి బాగా తిరిగిన చేయి, సందేహం లేదు. మార్చుకోవడం వచ్చో రాదో మాత్రం ఈ పనిలో తెలియదు. ఇలాంటి చోట తక్కువ గ్రేడ్ వేయకండి, ‘ఆధారం లేదు’ అని రాసుకుని ఇంకాస్త కష్టమైన పని ఇవ్వండి. రెండు చెప్పులు ఒకదాని మీద ఒకటి, ఒకటి బోర్లా. ఆధారం లేకపోవడాన్ని, చేతకాకపోవడాన్ని ఒకే గాట కట్టే టీచర్లు చాలామంది. బాగా గీసే పిల్లలకి ఆర్ట్ క్లాసు విసుగెత్తడానికి సగం కారణం అదే.

ఇప్పుడు లెక్క. సెక్షన్‌కి 40 మంది, 12 సెక్షన్లు అనుకుందాం. 480 మంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలైనా 40 గంటలు. ఎవరి దగ్గర ఉంటుంది అంత సమయం? అందుకే నెలనెలా పది బొమ్మలు అప్‌లోడ్ చేయించే పథకాలు దసరా సెలవులు దాటవు. ఏడాదికి మూడు పనులు చాలు, పనికి మూడు ఫొటోలు, ఒక వాయిస్ నోట్. ప్రతిసారీ అందరివీ రెండేసి నిమిషాల్లో చూడండి, 16 గంటల్లో అయిపోతుంది. దాంతోపాటు క్లాసులో మూడో వంతు మందికి మాత్రం మీరు కూడా అర నిమిషం వాయిస్ నోట్ పెట్టండి. ఏడాది తిరిగేసరికి ప్రతి ఒక్కరికీ మీ గొంతుతో ఒకసారైనా వివరంగా జవాబు అందుతుంది. అందులో ‘వెరీగుడ్’ అనకండి. బొమ్మలో కనబడేది ఒకటి చెప్పండి: ‘మడమ దగ్గర రెండో గీత వేశాక చెప్పు బల్ల మీద నిలబడింది, చూశావా?’

ఫొటో తీయడం గురించి ఎవరూ చెప్పరు, గ్రేడ్లు తారుమారయ్యేది మాత్రం అక్కడే. పెన్సిల్ బొమ్మని స్కానర్ యాప్‌తో తీయకండి. అది కాగితాన్ని తెల్లగా చేయబోయి లేత నీడలన్నీ మింగేస్తుంది, కష్టపడి వేసిన షేడింగ్ కాస్తా ఉత్త గీతల బొమ్మ అయిపోతుంది. మామూలు కెమెరా వాడండి, ఫ్లాష్ తీసేయండి, ఎండ నేరుగా పడని వరండాలో, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. ఆయిల్ పేస్టల్ మెరుస్తుంది కాబట్టి వెలుతురు ఒక పక్కనుంచి రావాలి. పక్కన తెల్లకాగితం ముక్క ఒకటి పెడితే రంగులు పసుపుపచ్చగా మారాయో లేదో తర్వాత పోల్చుకోవచ్చు. మట్టిబొమ్మ అయితే మూడు వైపులా తీయాలి, ఒకదాంట్లో పిల్లల చెయ్యి కూడా పడాలి, అప్పుడే సైజు తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది.

కాగితం ఫైలుకి అసలే లొంగని కళ ఒకటి మన వాకిట్లోనే ఉంది. ముగ్గు. పొద్దున వేస్తే సాయంత్రానికి ఉండదు. ఏ డ్రాయింగ్ ఫైల్లోనూ అది ముగ్గుగా చేరదు, స్కెచ్‌పెన్‌తో కాగితం మీద వేసిన నకలుగానే చేరుతుంది. వీడియోలో మాత్రం అసలు ముగ్గే చేరుతుంది. సంక్రాంతి ముందు ఎనిమిదో తరగతికి ఈ పని ఇచ్చి చూడండి: సొంతంగా కట్టిన చుక్కల ముగ్గు. ‘15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క’ అని పత్రికల్లో వేస్తారు చూడండి, అలా తమ ముగ్గుకి తామే సూత్రం రాయాలి. అది రాయగలిగారంటే లోపలి కట్టడం అర్థమైనట్టే. స్టూలు మీద నిలబడి నిట్టనిలువుగా పైనుంచి వీడియో తీయాలి. పక్కనుంచి తీస్తే గుండ్రంగా వేసినది కోడిగుడ్డులా పడుతుంది, పిల్లది తప్పు వేసిందనుకుంటారు. ఆ వీడియోలో నేను చూసేవి: పిండి ధార ఎక్కడ లావైంది, మెలిక తిప్పేటప్పుడు చేయి ఎక్కడ ఆగింది, చుక్క తప్పితే తుడిచేసిందా లేక తప్పిన గీతనే కొత్త మెలికగా మలిచిందా. మలిచిన పిల్లకి నేను కళ్లు మూసుకుని ఎ వేస్తాను. చీపురుతో తుడిచి మళ్లీ మొదలుపెట్టిన పిల్ల కూడా తక్కువేమీ కాదు, అది వేరే రకం పట్టుదల. ఇంకో మాట, ముగ్గు మగపిల్లలకీ ఇవ్వండి. మొదట నవ్వుతారు, సందు చుక్క దగ్గర లెక్క తప్పాక నోరు మూసుకుని పని చేస్తారు.

2024లో ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఆరో తరగతి కళల పుస్తకంలో చిత్రకళతోపాటు నాటకం, సంగీతం, నృత్యం కూడా ఉన్నాయి. కాబట్టి ఆ పోర్ట్‌ఫోలియోలు కూడా మీ నెత్తిన పడే అవకాశం ఉంది. నేను వాటిలో నిపుణుణ్ణి కాదు, మా ఇంట్లో మాత్రం కూచిపూడి, కర్ణాటక సంగీతం రెండూ నడుస్తాయి. అక్కడ చూసింది చెబుతాను. నాట్యమైతే పాదాలు ఫ్రేములో పడాల్సిందే. ముఖం దగ్గరగా పడే వీడియో తల్లిదండ్రుల కోసం, అంచనాకి పనికిరాదు. ఒకే అడవుని (అడుగులు, చేతులు కలిపి నేర్పే మొదటి పాఠాల్లాంటివి) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి తీయండి. అరమండి, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమ, ఎంత దిగిందో పక్కనుంచే తెలుస్తుంది. మూడు నెలల తర్వాత అదే అడవు, అదే చోటు, అదే కోణం. కొత్త ఐటెమ్ పెడితే పోల్చలేం.

సంగీతంలో పెద్ద తలనొప్పి, ఫోన్లూ జూమ్ యాపూ వాటంతటవే వెనకాల రొదని తీసేయబోవడం. ఆగకుండా మోగే తంబురా శ్రుతి ఆ సాఫ్ట్‌వేర్‌కి ఫ్యాను రొదలా వినబడుతుంది, నొక్కేస్తుంది. శ్రుతి వినబడకపోతే పిల్ల శ్రుతిలో పాడిందో లేదో ఎలా చెబుతారు? జూమ్‌లో సంగీతకారుల కోసం ‘ఒరిజినల్ సౌండ్’ అనే సెట్టింగ్ ఉంది, అది పెట్టించండి. తాళం సంగతి ఇంకా తిరకాసు. లైవ్ క్లాసులో శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు, శిష్యురాలు కలిసి తాళం వేయలేరు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో కూర్చుని ఇక్కడి గురువుల దగ్గర నేర్చుకునే మన పిల్లలకి ఇది రోజూ ఉండే బాధే. ఆ పిల్ల తన దగ్గరే రికార్డు చేసి పంపితే తాళం ఉన్నదున్నట్టు వినబడుతుంది. అంచనాకి లైవ్ క్లాసు కన్నా రికార్డింగే నయం అని నేను నమ్మే సందర్భం ఇదొక్కటే.

గ్రేడ్‌కి వస్తే, పదీ పన్నెండు గడుల రూబ్రిక్ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) పెట్టుకోకండి. నేను మూడు చూస్తాను. చూపు: ఎదురుగా ఉన్నదాన్ని, లేదా తన మనసులో ఉన్నదాన్ని, ఎంత నిశితంగా పట్టుకుంది. మార్పు: మొదటి ఫొటో నుంచి మూడో ఫొటోకి ఏం మారింది, ఎందుకో చెప్పగలిగిందా. చేతిపని: గీత, రంగు, మట్టి మీద అదుపు. మొదటి రెండిటికీ కలిపి మూడు వంతుల బరువు, చేతిపనికి ఒక వంతు. ఈ పంపకం చూసి గొడవపడే టీచర్లుంటారు, ఆర్ట్‌లో చేతిపనికి పావు వంతేనా అని. ఆరు నుంచి ఎనిమిది వరకు అంతే చాలంటాను. ప్రభుత్వం పెట్టే లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలకి వెళ్లే పిల్లల లెక్క వేరు, అక్కడ చేతిపనే ముఖ్యం.

ఇంకో టీచరుతో కలిసి చూడకుండా గ్రేడ్లు బయటికి పంపకండి. 1990ల మొదట్లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం రచనకి, గణితానికి రాష్ట్రవ్యాప్తంగా పోర్ట్‌ఫోలియోలు పెట్టింది. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పరిశీలిస్తే ఒకే పోర్ట్‌ఫోలియోకి ఇద్దరు వేసిన మార్కులు సరిగా కలవలేదని తేలింది. గణితంలోనే అలా ఉంటే ఇక బొమ్మల సంగతి చెప్పాలా? ఏదో ఒక సెక్షన్‌లో పది పోర్ట్‌ఫోలియోలు తీసుకుని, మీరూ మీ తోటి టీచరూ విడివిడిగా గ్రేడ్ వేసి, తర్వాత పక్కపక్కన పెట్టుకోండి. తేడా వచ్చినవాటి మీద వాదించుకోండి. ఆ వాదనలోంచి ఎ, బి, సి లకి తలో నమూనా తేల్చి దాచుకుంటే మిగతావి చకచకా అయిపోతాయి. తోటి ఆర్ట్ టీచరు లేకపోతే తెలుగు టీచర్ని కూర్చోబెట్టండి. వాయిస్ నోట్లు వినడంలో వాళ్ల చెవి మనకన్నా చురుకు.

రెండేసి పోర్ట్‌ఫోలియోలు పక్కపక్కన చూసి ఏది మెరుగో చెబుతూ పోయే పద్ధతి కూడా ఒకటుంది. లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో 2000ల దశకంలో ఈ-స్కేప్ అనే ప్రాజెక్టులో డిజైన్ క్లాసు పిల్లలు పని చేస్తూనే చేతిలోని చిన్న పరికరాలతో పోర్ట్‌ఫోలియో కట్టేవాళ్లు, వాటిని ఇలాగే జతలుగా చూసి వరస తేల్చారు. అయితే దీనికి చాలామంది కూర్చోవాలి. వార్షికోత్సవం ప్రదర్శనకి బొమ్మలు ఎంపిక చేయడానికి బాగుంటుంది, రోజువారీ గ్రేడ్లకి వద్దు.

ఇంట్లో దిద్దిన బొమ్మల విషయానికి వద్దాం. దొంగను పట్టుకున్నట్టు పట్టుకోనక్కర్లేదు. అంచనా పనులు మూడూ క్లాసులోనే, మీ కళ్లముందే జరిగితే ఆ సమస్యే రాదు. ఇంట్లో చేసినవాటికి ‘ఇల్లు’ అని వేరే ఫోల్డర్ పెట్టండి, గ్రేడ్ లేదు అని ముందే చెప్పండి. అమ్మమ్మ నేర్పిన ముగ్గు, నాన్నతో కలిసి కట్టిన గాలిపటం, అన్నీ అందులోకి రావచ్చు. ఏఐతో చేయించిన బొమ్మలకీ ఇదే మందు. అమెరికాలో హైస్కూలు పిల్లలు ఏపీ ఆర్ట్ అండ్ డిజైన్ అనే కోర్సుకి పోర్ట్‌ఫోలియో సమర్పిస్తారు (మన ఏపీ కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువు). అందులో 60 శాతం బరువు 15 ఇమేజీలున్న దీర్ఘ అన్వేషణ విభాగానిదే. పూర్తయిన పనులే కాదు, పని నడుస్తున్నప్పటి ఫొటోలు కూడా అందులో పెట్టొచ్చు. ఏఐతో బొమ్మ పుట్టించడం ఏ దశలోనూ కుదరదని ఆ కోర్సు నడిపే కాలేజ్ బోర్డు నిబంధన పెట్టింది. ఏ ప్రశ్న పట్టుకుని పని సాగిందో, ఎలా మార్చుకుంటూ వచ్చారో పిల్లలు తమ మాటల్లో రాయాలి. మీ పిల్లల్లో ఎవరైనా రేపు అటు వెళ్తే, ఇప్పుడు ఏడో తరగతిలో చెప్పిన ‘ఎక్కడ మార్చావు, ఎందుకు’ అక్కడ పనికొస్తుంది.

ఇక యాప్. మీ బడికి గూగుల్ క్లాస్‌రూమ్ ఉంటే అదే చాలు. సీసా (Seesaw) లాంటి యాప్‌లలో వాయిస్ నోట్ తేలిగ్గా పెట్టొచ్చు, చిన్నపిల్లలకి అవి నయం. ఏమీ లేకపోతే డ్రైవ్‌లో సెక్షన్‌కి ఒక ఫోల్డర్, లోపల రోల్ నంబర్‌కి ఒకటి. ఫైలు పేరు ‘7బి-23-చెప్పు-1’ అని ఉండాలి, ఫోను ఇచ్చిన అంకెల పేరుతో వదిలేస్తే మార్చిలో ఏడుస్తారు. ఫొటో 3 ఎంబీ, మనిషికి 9 ఫొటోలు, 480 మంది, దాదాపు 13 జీబీ అవుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఇరుకుగా పడుతుంది, వీడియోలు కలిస్తే పట్టదు. అందుకే మీ సొంత అకౌంట్ వాడకండి, బడి అకౌంటే అడిగి తీసుకోండి. పిల్లలు ఇంటి నుంచి అప్‌లోడ్ చేయాలని మాత్రం పెట్టకండి. ఇంట్లో ఒక్క ఫోనే ఉండి అది నాన్నతో పనికి వెళ్లిపోయే ఇళ్లు ప్రైవేటు బళ్లలోనూ ఉంటాయి. క్లాసులో బడి ఫోను ఒకటి, ఇద్దరు ఫొటో లీడర్లు, వారం వారం మారుతూ ఉంటే సరిపోతుంది. రెండో వారానికి వాళ్లు మనకన్నా నిటారుగా తీస్తారు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందర్నీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అడ్మిషన్ ఫారంలో ఎక్కడో మూల ఒక గీత ఉందిలే అనుకోకుండా, పోర్ట్‌ఫోలియోకి విడిగా ఒక కాగితం మీద సంతకం తీసుకోమని ప్రిన్సిపాల్‌కి చెప్పండి. బొమ్మల ఫొటోల్లో ముఖాలు వద్దు, ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకరి పని ఇంకొకరికి కనబడేలా పెట్టకండి. బడి ఇన్‌స్టాగ్రామ్ పేజీకి బొమ్మలు కావాలంటే దానికి వేరే అనుమతి, పిల్లల ఇష్టం కూడా అడగాలి. నల్లగా రుద్దేసిన చెప్పు ఊరందరికీ చూపించాలని ఏ పిల్లాడికీ ఉండదు.

పేరెంట్స్ మీటింగ్‌లో మీరు మాట్లాడకండి, పిల్లల్నే మాట్లాడనివ్వండి. ఫోనో ల్యాప్‌టాపో వాళ్ల చేతికిచ్చి, ఒక పని తాలూకు మూడు ఫొటోలు చూపిస్తూ రెండు నిమిషాలు చెప్పమనండి. ‘మా వాడికి బి ఎందుకొచ్చింది’ అని ఎవరైనా అడిగితే ఆ మూడు ఫొటోలూ మళ్లీ చూపించండి. ముందు ఒక్క సెక్షన్‌తో, ఆ చెప్పు పనితో మొదలుపెట్టండి. ఫొటోలు వచ్చాక గ్రేడ్ ఎటూ తేలని రెండు మూడు ఉంటే, పేర్లు తీసేసి ఇక్కడే పెట్టండి, చూసి నా గ్రేడ్ చెబుతాను.